జబ్బు మాట ఎవరితో చెప్పాలి? అమెరికా నల్లజాతి పురుషుల మౌనం వెనుక

2023 డిసెంబరు 22న అప్పటి అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ వాషింగ్టన్ సమీపంలోని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో ప్రోస్టేట్ (మగవాళ్ళలో మాత్రమే ఉండే ఒక గ్రంథి) క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకుని, మర్నాడే ఇంటికి వెళ్ళిపోయారు. జనవరి 1న తీవ్రమైన నొప్పితో మళ్ళీ అదే ఆస్పత్రిలో చేరారు. ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. తన రక్షణ మంత్రి ఆస్పత్రిలో ఉన్నారన్న సంగతి అధ్యక్షుడు బైడెన్‌కు తెలిసింది 4వ తేదీన. అది క్యాన్సర్ అని తెలిసింది 9వ తేదీన. దుమారం రేగింది. ఫిబ్రవరి 1న ఆస్టిన్ విలేకరుల ముందుకు వచ్చి క్షమాపణ చెప్పారు. క్యాన్సర్ అన్న మాట తనను ఎంతగా కుంగదీసిందో చెప్పారు. దాన్ని ఎవరికీ తెలియనివ్వకూడదనే తనకు మొదట అనిపించిందన్నారు. నల్లజాతి సమాజంలో ఇలాంటివి దాచుకోవడం మరీ ఎక్కువని కూడా అన్నారు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆస్టిన్ నాలుగు దశాబ్దాలు సైన్యంలో పనిచేసి జనరల్ స్థాయికి ఎదిగినవాడు, అమెరికాకు తొలి నల్లజాతి రక్షణ మంత్రి. చదువుకు లోటు లేదు. చికిత్సకు దేశంలోకెల్లా మంచి ఆస్పత్రుల్లో ఒకటి చేతికందే దూరంలో ఉంది. డబ్బు లేకనో, తెలియకనో మగవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళరని మనం తరచూ చెప్పుకునే కారణాలేవీ ఆయనకు వర్తించవు. అయినా నోరు పెగల్లేదు.

అందుకే "నల్లజాతి పురుషులు తమ ఆరోగ్యం గురించి మాట్లాడాలి" అన్న పిలుపు వినిపించినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఎవరితో మాట్లాడాలి? మాట్లాడితే ఏమవుతుంది? ఈ రెండో ప్రశ్నకు ఆ సమాజానికి చరిత్ర చెప్పిన జవాబులు చాలా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, మౌనాన్ని మగవాడి మొండితనంగా మాత్రమే చూస్తే విషయం అర్థం కాదు.

ముందు ఈ మౌనానికి పడుతున్న మూల్యం చూద్దాం. 2022 లెక్కల ప్రకారం అమెరికాలో నల్లజాతి పురుషుడి సగటు ఆయుర్దాయం సుమారు 69 ఏళ్ళు. శ్వేతజాతి పురుషుడికది సుమారు 75. అమెరికా పురుషుల్లో జీవితకాలంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుంటే, నల్లజాతి పురుషుల్లో ప్రతి ఆరుగురిలో ఒకరికి వస్తోంది. దానితో చనిపోయే ప్రమాదం శ్వేతజాతి పురుషులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. బ్రిటన్‌లోనూ ఇదే ధోరణి. అక్కడ నల్లజాతి పురుషుల్లో నలుగురిలో ఒకరికి ఈ క్యాన్సర్ వస్తుంది. అమెరికా నల్లజాతి వయోజనుల్లో సగానికి పైగా అధిక రక్తపోటు ఉన్నవాళ్ళే. ఈ రెండు జబ్బుల స్వభావం ఒకటే: తొలిదశలో బయటపడవు. ఏ నొప్పీ ఉండదు. కాబట్టి ఒంట్లో బాగానే ఉన్నవాడు పనిగట్టుకుని వెళ్ళి పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు మీద నమ్మకం లేకపోతే మనిషి మొదట మానేసేది సరిగ్గా ఇలాంటి పరీక్షలనే. కాలు విరిగినవాడు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆస్పత్రికి వెళ్తాడు. ఏ బాధా లేనివాడు ఎందుకు వెళ్తాడు?

మగతనం గురించిన భావాలకు ఇందులో పాత్ర లేదని నేననను. ఉంది. కానీ అది కూడా శూన్యంలోంచి పుట్టలేదు. 1978లో షెర్మన్ జేమ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త నార్త్ కరోలినాలో జాన్ హెన్రీ మార్టిన్ అనే నల్లజాతి రైతును కలిశారు. పాలికి వ్యవసాయం చేసే కుటుంబంలో పేదరికంలో పుట్టి, బడి చదువు పెద్దగా లేకపోయినా రెక్కలు ముక్కలు చేసుకుని సొంత భూమి సంపాదించుకున్న మనిషి. యాభైల చివరికి వచ్చేసరికి ఆయనకు అధిక రక్తపోటు, కీళ్ళ జబ్బు, కడుపులో పుండు ముదిరి జీర్ణాశయంలో సుమారు 40 శాతం తీసేయాల్సిన పరిస్థితి. అమెరికా నల్లజాతి జానపద కథల్లో జాన్ హెన్రీ అనే మరో మనిషి ఉన్నాడు. రైలు సొరంగం తవ్వకంలో ఆవిరి యంత్రంతో పోటీపడి, సుత్తితో దాన్ని ఓడించి, ఆ సుత్తి చేతిలో ఉండగానే కుప్పకూలి ప్రాణం వదిలిన కార్మికుడు. ఇద్దరి పేర్లూ కలవడం షెర్మన్ జేమ్స్‌ను కదిలించింది. ఎన్ని అడ్డంకులు ఎదురైనా ఒంటి బలంతోనే నెట్టుకొచ్చే ఆ తీరుకు ఆయన "జాన్ హెన్రీయిజం" అని పేరు పెట్టి, వనరులు తక్కువగా ఉన్నవాళ్ళలో దానికీ అధిక రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేశారు.

ఈ కోణం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. "ఆ ఏముందిలే, తగ్గిపోతుంది" అనే మనిషిని మనం మొండివాడంటాం. కానీ ఒకరోజు పని మానితే కూలి పోయే చోట, నీరసంగా ఉందని చెబితే సోమరి అనే ముద్ర పడే చోట, ఓర్చుకోవడమే బతుకుతెరువు. తాతలకు ప్రాణం నిలిపిన ఆ ఓర్పే మనవళ్ళకు ప్రాణం తీసే అలవాటుగా మిగిలింది.

ఇక నమ్మకం సంగతి. ఈ చర్చ ఎక్కడ మొదలైనా అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీకి రాక తప్పదు. 1932లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం అక్కడి టస్కీగీ పట్టణం కేంద్రంగా ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అందులో చేరినవాళ్ళు సుమారు 600 మంది నల్లజాతి పురుషులు. చాలామంది నిరుపేద కౌలు రైతులు. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. "రక్తం చెడింది" అన్నారు. అక్కడి జనం వాడుకలో ఆ మాటకు రక్తహీనత నుంచి నీరసం దాకా అన్ని అర్థాలూ ఉన్నాయి. ఉచిత వైద్యం అన్నారు, పరీక్షల రోజు భోజనం పెట్టారు, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. ఆ ఖర్చుకు బదులుగా శవపరీక్షకు కుటుంబం ఒప్పుకోవాలి. నాడీమండలంలో జబ్బు ఎంతవరకు పాకిందో చూడటానికి వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తూ, దాన్నే ప్రత్యేక చికిత్స అని నమ్మించారు. వైద్యులు చూడదలచుకున్నది ఒక్కటే: మందు ఇవ్వకుండా వదిలేస్తే సిఫిలిస్ మనిషిని ఎలా తినేస్తుంది?

1940ల చివరికి పెనిసిలిన్ ఈ జబ్బుకు తిరుగులేని మందుగా స్థిరపడింది. దేశంలో అందరికీ దొరుకుతోంది. ఈ మనుషులకు మాత్రం అందకుండా చూశారు. ప్రజారోగ్య విభాగంలోనే పనిచేసిన పీటర్ బక్స్‌టన్ 1966 నుంచి లోలోపల అభ్యంతరాలు రాస్తూ వచ్చారు. ఎవరూ వినలేదు. చివరకు ఆయన సమాచారాన్ని విలేకరులకు అందించారు. 1972 జులై 25న అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి జీన్ హెల్లర్ రాసిన కథనంతో ప్రపంచానికి తెలిసింది. అప్పటికి నలభై ఏళ్ళు గడిచాయి. భార్యలకు ఆ జబ్బు సోకింది, పిల్లలు పుట్టుకతోనే దానితో పుట్టారు. 1974లో కోటి డాలర్ల పరిహారంతో దావా పరిష్కారమైంది. ప్రభుత్వం తరఫున క్షమాపణ రావడానికి 1997 మే 16 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు శ్వేతసౌధంలో అధ్యక్షుడు క్లింటన్ పక్కన నిలబడిన బాధితుడు హెర్మన్ షా వయసు 94 ఏళ్ళు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. టస్కీగీలో ప్రభుత్వమే సూదులతో సిఫిలిస్ ఎక్కించిందని చాలామంది నమ్ముతారు. అది జరగలేదు. అప్పటికే జబ్బు ఉన్నవాళ్ళకు చికిత్స అందకుండా చేశారు. మనుషులకు కావాలని జబ్బు అంటించిన ప్రయోగాలను అదే ప్రజారోగ్య విభాగం 1940ల్లో గ్వాటెమాలాలో చేసింది. రెండు దుర్మార్గాలు జనం జ్ఞాపకంలో కలిసిపోయాయి. నిజం చెప్పినంత మాత్రాన టస్కీగీ తీవ్రత తగ్గదు. ఎందుకంటే అక్కడ మోసపోయినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి నిరాకరించినవాళ్ళు కారు. పిలిచినప్పుడల్లా వెళ్ళారు. అడిగినవన్నీ చెప్పారు. నలభై ఏళ్ళపాటు నమ్మారు. ఈ రోజు నల్లజాతి పురుషుడికి "వెళ్ళు, మాట్లాడు, నమ్ము" అని చెప్పేవాళ్ళు ఈ ఒక్క సంగతి మరిచిపోకూడదు.

ఆర్థికవేత్తలు మార్సెల్లా ఆల్సన్, మరియాన్ వానమేకర్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 1972లో ఈ సంగతి బయటపడ్డాక నల్లజాతి పురుషులు వైద్యానికి దూరమయ్యారని, 45 ఏళ్ళ వయసులో వారికి మిగిలి ఉండే ఆయుష్షు దాని ప్రభావం వల్ల ఏడాదిన్నర దాకా తగ్గిందని అంచనా వేశారు. అయితే అంతా టస్కీగీ మీద నెట్టేయడమూ సరికాదు. 2005లో వచ్చిన బాల్టిమోర్ అధ్యయనంలో, ఆ ఉదంతం తెలిసినంత మాత్రాన అపనమ్మకం ఎక్కువ కాలేదని, దాని గురించి తెలియనివాళ్ళలోనూ అది ఉందని తేలింది. అంటే తాత చెప్పిన కథతోనే కాదు, పోయిన నెల క్లినిక్కులో జరిగినదానితో కూడా అపనమ్మకం పుడుతోంది.

పోయిన నెల క్లినిక్కులో ఏం జరుగుతుంది? 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శ్వేతజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నించారు. నల్లవారి చర్మం మందంగా ఉంటుందన్న తరహా అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని దాదాపు సగం మంది నమ్మారు. అలా నమ్మినవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువ చేసి అంచనా వేశారు. ఇక మూత్రపిండాల పనితీరు లెక్కగట్టే సూత్రం చూడండి. 1999లో వచ్చిన ఆ సూత్రంలో రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని సుమారు 20 శాతం పెంచేవారు. కాగితం మీద కిడ్నీలు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించేవి. మార్పిడి కోసం వేచి ఉండేవాళ్ళ జాబితాలో పేరు ఆలస్యంగా ఎక్కేది. 2021లో నిపుణుల సంఘాలు జాతితో సంబంధం లేని సూత్రాన్ని సిఫారసు చేశాయి. 2023లో, అప్పటికే నష్టపోయిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిదిద్దాలని ఆస్పత్రులను ఆదేశించారు. ఈ రోగులు నోరు విప్పలేదని ఎవరూ అనలేరు. వచ్చారు, రక్తం ఇచ్చారు, చెప్పారు. లెక్కే వాళ్ళ మాట వినలేదు.

మానసిక ఆరోగ్యంలో ఇది మరింత పదునుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో మానసిక ఆరోగ్య చట్టంపై సర్ సైమన్ వెస్లీ నేతృత్వంలో 2018లో వచ్చిన సమీక్ష ప్రకారం, ఆ చట్టం కింద నల్లజాతీయులను నిర్బంధించే అవకాశం శ్వేతజాతీయులతో పోలిస్తే నాలుగు రెట్లకు పైమాటే. మనసులో చీకటి కమ్ముకుందని చెబితే ఓదార్పు దొరుకుతుందా, తలుపు తాళం పడుతుందా అన్న భయం ఉన్నవాడికి "మనసు విప్పండి" అన్న పోస్టరు ఏం భరోసా ఇస్తుంది?

ఇంత చీకటిలోనూ నాకు అత్యంత ఆశ కలిగించిన ప్రయోగం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జరిగింది. 2017లో మార్సెల్లా ఆల్సన్, ఓవెన్ గారిక్, గ్రాంట్ గ్రాజియానీ కలిసి సెలూన్లలో, సంతల్లో సుమారు 1,300 మంది నల్లజాతి పురుషులను కలిసి, ఉచిత పరీక్షల క్లినిక్కుకు ఆహ్వానించారు. వచ్చిన 600 మందికి పైగా పురుషులకు ఒక్కొక్కరికి ఒక డాక్టరును కేటాయించారు, ఎవరికి ఎవరన్నది లాటరీ పద్ధతిలోనే. కొందరు డాక్టర్లు నల్లజాతివారు, మిగతావారు కారు. ముందుగా ఒక టాబ్లెట్ తెర మీద డాక్టరు ఫొటో చూపించి, బీపీ, మధుమేహం, కొలెస్ట్రాల్ పరీక్షలు, ఫ్లూ టీకా వంటి వాటిలో ఏవి కావాలో ఎంచుకోమన్నారు. ఫొటోలో డాక్టరు ఏ జాతివారైనా ఎంపికలో తేడా రాలేదు. తర్వాత ఆ డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడారు. అప్పుడు వచ్చింది తేడా. నల్లజాతి డాక్టరుతో మాట్లాడినవాళ్ళు ముందు వద్దన్న పరీక్షలకు కూడా ఒప్పుకున్నారు. ముఖ్యంగా రక్తం తీసే పరీక్షలకు, సూది మందుకు. అంతే కాదు, అడగని ఇతర సమస్యల గురించి కూడా ఈ డాక్టర్లతో ఎక్కువగా చెప్పుకున్నారు. ఈ డాక్టర్లు కూడా కాగితం మీద ఎక్కువ రాసుకున్నారు.

ఫొటో మార్చలేనిది మాట మార్చింది. ఈ పురుషులకు మాట్లాడటం రాదన్న వాదన ఇక్కడ నిలబడదు. మాట్లాడారు, వినేవాడు ఎదురైతే.

అలాంటప్పుడు నల్లజాతి డాక్టర్లనే పంపితే సరిపోతుంది కదా? డాక్టర్లు ఎక్కడున్నారు? 1910లో వైద్య విద్యపై వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత, అప్పుడున్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో ఐదు మూతపడ్డాయి. హోవర్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. ఆ దెబ్బ నుంచి ఆ సమాజం ఇంకా కోలుకోలేదు. 1978లో 1,410 మంది నల్లజాతి యువకులు అమెరికా వైద్య కళాశాలలకు దరఖాస్తు చేస్తే, 2014లో చేసినవాళ్ళు 1,337 మంది. ముప్పై ఆరేళ్ళలో దేశ జనాభా ఎంతో పెరిగింది, ఈ సంఖ్య తగ్గింది.

డాక్టర్లు లేనిచోట మాట ఎక్కడ జరుగుతోంది? సెలూన్లో. నల్లజాతి సెలూన్ చరిత్రే ఒక పెద్ద కథ. బానిసగా పుట్టిన అలొంజో హెర్న్‌డన్ అట్లాంటాలో క్షురకుడిగా ఎదిగి, ఆ సంపాదనతో 1905లో బీమా కంపెనీ పెట్టి కోటీశ్వరుడయ్యారు. చిత్రమేమిటంటే ఆయన సెలూన్లో నల్లజాతి పనివాళ్ళు శ్వేతజాతి ఖాతాదారులకే సేవ చేసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వృత్తి తన సొంత జనం వైపు తిరిగింది. క్రమంగా సెలూన్ రాజకీయాలు, క్రీడలు, కుటుంబ గొడవలు, అన్నీ మాట్లాడుకునే చావడి అయింది. రెండు వారాలకోసారి, ఏళ్ళ తరబడి అదే కుర్చీలో కూర్చునే మనిషికి, కత్తి పట్టుకుని మెడ దగ్గర నిలబడ్డ క్షురకుడి మీద నమ్మకం గురించి వేరే చెప్పాలా?

గుండె వైద్య నిపుణుడు రొనాల్డ్ విక్టర్ ఈ కుర్చీనే నమ్ముకున్నారు. మొదట టెక్సాస్‌లోని డల్లాస్‌లో ప్రయత్నించారు. క్షురకులు బీపీ చూసి, ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమని ప్రోత్సహించేవారు. ఫలితం వచ్చింది కానీ స్వల్పమే. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, "చెప్పినా వినరు" అనుకునేవారు. విక్టర్ మరోలా ఆలోచించారు. లాస్ ఏంజెలెస్‌లో 52 సెలూన్లను, 319 మంది నల్లజాతి పురుషులను తీసుకున్నారు. దాదాపు సగం సెలూన్లలో క్షురకులు డల్లాస్‌లోలాగే మంచి మాటలు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. మిగతా సెలూన్లకు శిక్షణ పొందిన ఫార్మసిస్టులు స్వయంగా వచ్చారు. డాక్టర్లతో ఉన్న ఒప్పందం మేరకు అక్కడే మందు రాసి, మోతాదు మార్చి, నెలనెలా చూశారు. ఆరు నెలల తర్వాత మొదటి బృందంలో పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గింది. రెండో బృందంలో 27 పాయింట్లు తగ్గింది. 130/80 కంటే కిందికి వచ్చినవాళ్ళు మొదటి బృందంలో 12 శాతం లోపు, రెండో బృందంలో 63 శాతానికి పైగా. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో విక్టర్ కన్నుమూశారు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే నా దృష్టిలో ఈ విషయానికి గుండెకాయ. ప్రోత్సాహం రెండు బృందాలకూ అందింది. మాట రెండు చోట్లా జరిగింది. ఒకచోట ఆ మాట తర్వాత మనిషి సెలవు పెట్టుకుని, బీమా ఉందో లేదో చూసుకుని, తెలియని డాక్టరు తలుపు తట్టాలి. మరోచోట మాట అయిపోయేలోపే మందు చీటీ చేతికి వచ్చింది. అలబామా, మిసిసిపీ, టెక్సాస్ లాంటి దక్షిణాది రాష్ట్రాలు పేదల ఆరోగ్య బీమా పథకమైన మెడికెయిడ్‌ను విస్తరించడానికి 2014 నుంచీ నిరాకరిస్తూ వచ్చాయి. బీమా లేని మనిషికి "పరీక్ష చేయించుకో" అని చెప్పడం, మెట్లు తీసేసి మేడ ఎక్కమనడమే.

ఈ కథలో మన తెలుగువాళ్ళం ప్రేక్షకులం మాత్రమే కాదు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్ళిన డాక్టర్లు దశాబ్దాలుగా అమెరికా దక్షిణాది పట్టణాల్లో, పెద్ద నగరాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. ఓక్లండ్ ప్రయోగంలో ఫొటో తర్వాత మాట దగ్గర వెనకబడిన, నల్లజాతికి చెందని ఆ డాక్టరు స్థానంలో రేపు మన గుంటూరు డాక్టరో, వరంగల్ డాక్టరో ఉండవచ్చు. ఎదుటి మనిషి పొడిపొడిగా జవాబిస్తే "సహకరించని రోగి" అని రాసుకోవడం తేలిక. నిజానికి అతను పరీక్షిస్తున్నాడు, డాక్టరునే. ఆ పరీక్షలో నెగ్గడానికి అదే జాతిలో పుట్టి ఉండాల్సిన అవసరం లేదు. ఎందుకు రక్తం తీస్తున్నామో ముందుగా చెప్పడం, ఫలితాన్ని తానే ఫోను చేసి తెలపడం, రెండో ప్రశ్నకు చోటు మిగల్చడం ఎవరైనా చేయగల పనులు.

ఇంట్లో జరగాల్సిన మాట కూడా ఒకటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తండ్రికో అన్నదమ్ములకో ఉంటే ఆ మగవాడికి ప్రమాదం రెట్టింపు లేదా అంతకన్నా ఎక్కువ అవుతుంది. నల్లజాతి పురుషులు 40 నుంచి 45 ఏళ్ళ మధ్యలోనే పీఎస్‌ఏ పరీక్ష గురించి ఆలోచించాలని అమెరికాలోని ప్రోస్టేట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2024లో సూచించింది. పీఎస్‌ఏ అంటే మామూలు రక్తపరీక్షే. మలద్వారంలో వేలితో చేసే పరీక్ష పేరు వినే ఎంతోమంది పారిపోతారు కానీ, మొదటి అడుగుకు అది తప్పనిసరి కాదు. పరీక్షలో తేడా వచ్చినంత మాత్రాన కోత తప్పదని కూడా కాదు. నెమ్మదిగా పెరిగే రకమైతే గమనిస్తూ ఉంటే చాలు. చికిత్స తర్వాత దాంపత్య జీవితం దెబ్బతింటుందేమోనన్న భయం నిజమైనదే, దాన్ని కూడా పేరు పెట్టి అడగాలి. భార్య ముందు అడగలేనివాడు డాక్టరును ఒంటరిగా అడగవచ్చు. అడగవచ్చని అతనికి ఎవరైనా చెప్పాలి.

అమెరికాలో 2004లో అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) రిచర్డ్ కార్మోనా, కుటుంబాలన్నీ ఒకచోట చేరే థాంక్స్‌గివింగ్ పండుగ రోజును కుటుంబ ఆరోగ్య చరిత్ర దినంగా ప్రకటించారు. నవంబరు నాలుగో గురువారం. భోజనాల బల్ల దగ్గర మూడు తరాల మగవాళ్ళు కూర్చుని ఉంటారు. తాతయ్య "ఒంట్లో బాగాలేక" పోయారని మాత్రమే తెలిసిన మనవడు, ఆ బాగాలేకపోవడానికి పేరేమిటని తండ్రిని అడగడానికి ఆ రోజు మంచిది. తండ్రి వెంటనే చెప్పకపోవచ్చు. గిన్నెలు తీసేశాక, వసారాలో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పవచ్చు.